దీపం లేని ఊరిని వెతకడం ఎలా

పరకాల రూట్లో నేను బస్సు కండక్టరుగా ఉన్న రోజుల్లో ఒక స్టేజీ ఉండేది. రోడ్డు పక్కన రెండు చింతచెట్లు, విరిగిన సిమెంటు బెంచీ ఒకటి. ఇల్లు లేదు, చాయ్ డబ్బా లేదు. కనుచూపు మేర పత్తి చేన్లే. ఛార్జీల పట్టికలో పేరుంది కాబట్టి ఇరవై ఏళ్ళకు పైగా ఆ పేరు పెట్టి కేక వేశాను. దిగేవాళ్ళు దాదాపు ఉండరు. శ్రావణంలో ఒక ఆదివారం మాత్రం ఒక ముసలవ్వ బోనం కుండ ఒళ్ళో పెట్టుకుని వచ్చి అక్కడ దిగేది.

ఒకసారి అడిగాను. "ఏముందవ్వా ఈడ, దిగుతున్నవ్?"

"మా ఊరు బిడ్డా."

"ఊరేది?"

"ఉండె."

అంతే అని దిగిపోయింది. డ్రైవరన్న హారన్ కొట్టాడు, నేను రైట్ రైట్ అన్నాను. రిటైరయ్యాక కూడా ఆ "ఉండె" నన్ను వదల్లేదు.

అలా మొదలుపెట్టి ఇప్పటికి నాలుగు ఊళ్ళ వెంట పడ్డాను. రెండింటి కథ చాలావరకు దొరికింది. ఒకటి సగంలో ఉంది. ఇంకొకటి అసలు ఊరే కాదు, బర్రెలను తోలుకుపోయి కట్టేసిన మంద స్థలం అని తేలింది. ఆరు నెలలు తిరిగాక తేలింది. నేను చరిత్ర చదువుకున్నదాన్ని కాదు, ఇంటర్ అవగానే ఉద్యోగంలో చేరాను. కానీ మా చుట్టాల పిల్లలు, వాళ్ళ దోస్తులు "ఎట్ల వెతుకుతవ్ పెద్దమ్మా" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. నేను తిరిగిన ఊళ్ళ పేర్లు మాత్రం రాయను. ఎందుకు రాయనో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

చాలామంది చేసే తప్పు ఏంటంటే, ఎక్కడో పాత దిబ్బ ఉందని వినగానే బండి వేసుకుని నేరుగా దిబ్బ మీదికి పోతారు. రెండు పెంకులు ఏరుకుని, సెల్ఫీ దిగి వస్తారు. అది వెతకడం కాదు. ముందు పేరు, తర్వాత కాగితం, ఆ తర్వాత మనుషులు, అన్నిటికంటే చివర మట్టి. ఈ వరుస తప్పితే కళ్ళ ముందున్నది కూడా కనిపించదు.

పేరు

ఇళ్ళు కూలిపోయినా పేరు అంత తొందరగా పోదు. నాలుగైదు చోట్ల దాక్కుంటుంది. బస్సు స్టేజీ ఒకటి. చెరువు పేరు ఒకటి. ఊరు పోయినా చెరువును ఆ ఊరి పేరుతోనే పిలుస్తుంటారు. ఇంటిపేరు ఇంకొకటి. మనలో సగం ఇంటిపేర్లు ఊళ్ళ పేర్లే కదా. చుట్టుపక్కల ఐదారు ఊళ్ళలో ఒకే ఇంటిపేరు వాళ్ళు వేర్వేరు కులాల్లో ఉండి, ఆ పేరుతో దగ్గర్లో ఊరేదీ లేకపోతే అనుమానించండి. ఊరు విడిచినప్పుడు వేరే వేరే కులాల వాళ్ళు ఒకే పేరు వెంట తీసుకుపోయి ఉంటారు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనవి పొలాల పేర్లు. రైతులు సర్వే నంబరుతో మాట్లాడరు, పేరుతో మాట్లాడతారు. చుట్టూ మూడు కిలోమీటర్ల దాకా మనిషి లేని చోట ఒక పత్తి చేనును "కుమ్మరోళ్ళ చెలక" అంటున్నారంటే, పక్కదాన్ని "గడి ముంగటిది" (గడి అంటే దొర ఉండే పెద్ద ఇల్లు) అంటున్నారంటే, ఇంకొకదాన్ని "పాటి మీది మడి" అంటున్నారంటే, మీరు ఊరి నడిబొడ్డున నిలబడ్డట్టే. పాటి అంటే పాత ఊరున్న చోటు. పాటిగడ్డ అనే మాట మన దగ్గర ఎక్కడ వినిపించినా ఆగి అడగాలి. అలాంటి పేర్లు ఒక నోట్‌బుక్కులో దిక్కులతో సహా రాసుకుంటూ పోతే, మీకు తెలియకుండానే ఊరి బొమ్మ గీసినట్టవుతుంది. నేను మొదటి ఊరికి అలా పదకొండు పేర్లు పట్టాను. దిబ్బ మీద అడుగు పెట్టకముందే కుమ్మరి వాడ ఏ దిక్కున ఉందో నాకు తెలుసు.

పేరును విన్నది విన్నట్టే రాసుకోండి. మనం దిద్దకూడదు. వాడుకలో పేరు ఎంత అరుగుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. కాకతీయులకు ఎదురు నిలిచిన మేడరాజు రాజధాని పొలవాస. ఇప్పుడది జగిత్యాల పక్కన పొలాస. వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉన్న ఊరుగానే అందరికీ తెలుసు. అనుమకొండ హనుమకొండ అయింది. కాబట్టి పాత శాసనాల్లో మీ ఊరి పేరు వెతికేటప్పుడు ఇప్పటి అక్షరాలే కనపడాలని పట్టుపట్టొద్దు. వరంగల్, కరీంనగర్ జిల్లాల శాసనాలను పురావస్తు శాఖ సంపుటాలుగా అచ్చు వేసింది, పెద్ద లైబ్రరీల్లో దొరుకుతాయి. శాసనంలో రాజుగారి బిరుదులు దాటేసి కిందికి రండి. దానమిచ్చిన భూమికి పొలిమేరలు చెప్పే చోట పక్క ఊళ్ళు, చెరువులు, గుట్టలు వరుసగా వస్తాయి. మనకు కావలసింది అదీ.

కాగితం

నిజాం కాలం నుంచి రెవెన్యూ వాళ్ళకు ఒక మాట ఉంది, బేచిరాగ్. చిరాగ్ అంటే దీపం. దీపం వెలగని ఊరు అని. మనుషులు లేరు, భూమి ఉంది, శిస్తు ఉంది, కాబట్టి లెక్కల్లో ఊరు బతికే ఉంటుంది. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. రికార్డు రాసే గుమాస్తాకు ఎంత చక్కటి మాట దొరికిందో చూడండి.

మీరు వెతికే ఊరు బేచిరాగ్ గ్రామమైతే మీ అదృష్టం. దానికి సొంత నక్షా, అంటే పటం ఉంటుంది, సొంత సర్వే నంబర్లు ఉంటాయి. ఇంకో ఊరి శివారులో కలిపేసిన మజ్రా అయితే కష్టం ఎక్కువ. ఎలాగైనా ముందు తీసుకోవలసింది గ్రామ నక్షా. జిల్లాలో సర్వే, భూమి రికార్డుల ఆఫీసులో ఫీజు కట్టి నకలు అడగొచ్చు. దాంట్లో పొలాల మధ్య గ్రామకంఠం అని ఒక ముక్క విడిచిపెట్టి కనిపిస్తే అదే పాత ఆబాదీ, అంటే ఇళ్ళున్న చోటు. నక్షాలో బాటలు కూడా చూడండి. ఇప్పుడు ఎవరూ నడవని బాటలు మూడు నాలుగు ఒకే చోట కలుస్తుంటే ఊరికే కలవవు.

తర్వాత సేత్వార్ (మొదటి సర్వే నాటి భూముల రిజిస్టరు), 1954–55 నాటి ఖాస్రా పహాణీ (ఏ నంబరు ఎవరి సాగులో ఉందో రాసిన లెక్క). ఎమ్మార్వో ఆఫీసులో అడగాలి. నన్ను ఒక ఆఫీసులో తొమ్మిది సార్లు తిప్పారు. "మీకు అక్కడ భూమి ఉందా? కేసు ఉందా? మరి ఎందుకమ్మా?" ఊరు గురించి తెలుసుకోవడానికి అంటే నవ్వారు. చివరికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే కాగితాలు వచ్చాయి. దరఖాస్తులో "చరిత్ర" అని రాయకండి. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబర్లు, ఫలానా సంవత్సరం పహాణీ నకలు అని రాయండి. అడిగింది సూటిగా ఉంటే తప్పించుకోవడానికి సందుండదు.

పాతవి ఉర్దూలో ఉంటాయి. నాకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మా గల్లీలో ఒక రిటైర్డ్ టీచరు సాబ్ ఉన్నారు, సాయంత్రం నమాజు తర్వాత కూర్చుని చదివి పెట్టేవారు. ఆయన లేని రోజు తొందరపడి నేనే ఒక కాగితం మీద అంకెలు చదివాను. 1318 అని ఉంది. గుండె ఆగినంత పనైంది. ఓరుగల్లు కోట ఢిల్లీ వాళ్ళకు చిక్కింది 1323లో కదా, అంటే దీంట్లో ఉన్నది ప్రతాపరుద్రుడి కాలపు ఊరు! చెల్లెళ్ళకు, మరుదులకు, పాత డిపో గ్రూపుకు అందరికీ ఫోన్లు చేశాను. మర్నాడు సాబ్ కాగితం చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "అక్కా, ఏ ఫసలీ హై" అన్నారు. నిజాం రెవెన్యూ సంవత్సరం ఫసలీ. దానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. 1318 అంటే 1908. ప్రతాపరుద్రుడు కాదు, ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా. ఆ గ్రూపులో ఇప్పటికీ నన్ను "కాకతీయ అక్క" అంటారు.

ఈ పహాణీల్లో నేను నేర్చుకున్న కిటుకు ఒకటుంది, దీనికోసమైనా కాగితాల వెంట పడాలి. ప్రతి సర్వే నంబరు ముందు తరి అనో ఖుష్కి అనో రాసి ఉంటుంది. తరి అంటే నీటి పారకం ఉన్న భూమి, ఖుష్కి అంటే మెట్ట. ఒకే నంబరును పాత సేత్వార్‌లోనూ 1954 పహాణీలోనూ పక్క పక్కన పెట్టి చూడండి. మా ఊరికి (అవ్వ దిగే ఊరే, మా ఊరు అనే అంటున్నాను ఇప్పుడు) పాత కాగితంలో తూర్పున పదహారు నంబర్లు తరి. యాభై నాలుగుకు వచ్చేసరికి పదహారూ ఖుష్కి. అంటే ఈ మధ్యలో చెరువు పోయింది. ఆ సంగతి నాతో అప్పటిదాకా ఒక్కరూ అనలేదు.

మిగతా కాగితాలు తొందరగా చెప్పేస్తాను. సెన్సస్ వాళ్ళ జిల్లా పుస్తకాలు 1951 నుంచి ఊరూరి లెక్క ఇస్తాయి, ఆన్‌లైన్లో ఉచితం. జనం లేని గ్రామాలను కూడా వరుసలో ఉంచి, జనం లేరని రాస్తారు. పదేళ్ళకొకసారి అంకె ఎలా కరిగిపోయిందో చూడొచ్చు. సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో వరంగల్ 56 ఓ షీటులో, పరకాల, మంథని, కరీంనగర్ 56 ఎన్‌లో వస్తాయి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఫొటోలకు వెనక్కి జరుపుకునే సదుపాయం ఉంది. ఏప్రిల్, మే నెలల ఫొటోలు చూడండి. చేన్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి నల్లరేగడి మధ్య పాటిగడ్డ బూడిద రంగు మచ్చలా తేలుతుంది. హైదరాబాదు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. ఉర్దూ, ఫార్సీ చదివే తోడు లేకుండా అక్కడికి పోతే ఛార్జీలు దండగ.

మనుషులు

సర్పంచుతో మొదలుపెట్టకండి. నమస్తే పెట్టండి, వచ్చిన పని చెప్పండి, చాయ్ తాగండి, కానీ కథ ఆయన దగ్గర ఉండదు. కథ ఉండేది ఊరంతా తిరిగి పనిచేసిన వాళ్ళ దగ్గర. చాకలివాళ్ళు, మంగలివాళ్ళు, కుమ్మరివాళ్ళు, చెరువు నీళ్ళు పంచిన నీరటి కుటుంబం, శవాలకు గుంత తవ్వే బేగరి కుటుంబం. ఎవరింటికి ఏ బాటన పోవాలో తాతల నుంచి వాళ్ళకు తెలుసు. ఇక ఆడవాళ్ళు. మగాయన తన ఊరి గురించే చెప్తాడు. ఆడమనిషికి తల్లిగారి ఊరు, అత్తగారి ఊరు, అమ్మమ్మ ఊరు మూడూ తెలుసు. పోయిన ఊరికి ఆఖరిసారి పిల్లనిచ్చింది ఎవరో, తెచ్చుకున్నది ఎవరో చెప్పేది వాళ్ళే.

ఇంకొక గనిని ఎవరూ తవ్వడం లేదు. మన దగ్గర కులానికొక కథ చెప్పేవాళ్ళున్నారు కదా. పద్మశాలీలకు కూనపులివాళ్ళు, గొల్లకుర్మలకు ఒగ్గువాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు, గోత్రాలు చెప్పే పిచ్చకుంట్లవాళ్ళు. ఏ ఊళ్ళలో ఎవరు అడుక్కోవాలో వాళ్ళలో వాళ్ళు పంచుకుంటారు. దాన్ని మిరాశి అంటారు. ఆ ఊళ్ళ వరుస నోటికి వస్తుంది. చేర్యాల దిక్కు నుంచి పటం కట్టి కథ చెప్పడానికి వచ్చిన ఒక పెద్దాయనను ఆయన వంతు ఊళ్ళు చెప్పమన్నాను. గుక్క తిప్పుకోకుండా చెప్పుకుంటూ పోతుంటే మధ్యలో మా ఊరి పేరు వచ్చింది. ఆపి అడిగాను.

"ఆ ఊళ్ళె ఎవ్వరు లేరు గద తాతా?"

"లేరు. మా తాతకు గూడ ఇయ్యలే వాళ్ళు. అయినా వరుస తప్పొద్దు గద బిడ్డా."

ఏం అడగాలి అన్నది అసలు విద్య. "ఊరెందుకు పోయింది?" అని మొదటే అడిగితే తయారుగా ఉన్న జవాబొకటి వస్తుంది. దొంగలొచ్చిన్రు, గత్తర (కలరా) వచ్చింది, ఒక ఆడమనిషి మన్ను పోసి శాపం పెట్టింది. ఈ మూడే, అన్ని ఊళ్ళకూ ఇవే. చిన్న ప్రశ్నలు అడగండి. సద్దుల నాడు బతుకమ్మను ఏ చెరువులో వేసేవాళ్ళు? బొడ్రాయి ఎక్కడ ఉండె? పీర్లను ఏ ఇంట్లో నిలిపేవాళ్ళు? శవాన్ని ఏ దిక్కుకు తీసుకుపోయేవాళ్ళు? గానుగ ఎవరికి ఉండె? పిండి ఎక్కడ పట్టించేవాళ్ళు? ఇలాంటివి అడిగితే ముసలివాళ్ళు కళ్ళు మూసుకుని, చెయ్యి ఎత్తి చూపించి చెప్తారు. ఆ చెయ్యి ఎటు చూపించిందో రాసుకోండి.

సంవత్సరం అడగొద్దు. ఎవరికీ గుర్తుండదు, అడిగారని ఏదో ఒకటి చెప్తారు. రజాకార్ల ముందా వెనకా అని అడగండి. అది 1948. మొదటిసారి ఓట్లు పడ్డప్పటికి ఊళ్ళో ఇళ్ళున్నాయా? అది 1952. ఇన్‌ఫ్లుయెంజా జ్వరాలు 1918. వీటి మధ్య పెట్టి బిగిస్తూ వస్తే పదేళ్ళ లోపలికి తేవచ్చు.

బోనం అవ్వ ఇల్లు కనుక్కుని పోయాను. ఆమె అక్కడ పుట్టలేదు, వాళ్ళమ్మ పుట్టింది. మంచంలో కూర్చుని ఐదారు విడతలుగా చెప్పింది. గత్తరకు ఊరు పోయిందనే ఆమె కూడా అంది. నా దగ్గర తరి, ఖుష్కి కాగితం ఉంది కాబట్టి నాలుగోసారి పోయినప్పుడు అడిగాను. "అవ్వా, చెరువు తెగిందా?" చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది. "తెగింది గద. తెగినంక కట్టేటోడు లేకపాయె. ఒక ఏడు చూసిండ్రు, రెండేండ్లు చూసిండ్రు. మొదలు కాపోళ్ళు పోయిండ్రు, ఎనుక చాకలోళ్ళు, ఎనుక అందరు. గత్తరప్పుడు ఉన్నయే ఏడిండ్లు."

చూశారా, గత్తర అబద్ధం కాదు. కానీ అది వచ్చేసరికి ఊరు సగం పైన ఖాళీ. చావు గుర్తుంటుంది, మెల్లగా మూట కట్టుకుపోవడం ఎవరికీ గుర్తుండదు. నేను చూసిన రెండు ఊళ్ళూ ఇలాగే పోయాయి. అందుకే ఒకే ఒక కారణం చెప్పిన కథను ఇప్పుడు నేను నమ్మను. శాపం కథను కొట్టిపారేయకండి, అది కూడా రాసుకోండి. మన్ను పోసిన ఆడమనిషి ఏ కులం, ఎవరి మీద పోసింది అని అడిగితే, ఎవరి భూమి ఎవరు గుంజుకున్నారో బయటపడుతుంది. ఆ సంగతి ఇప్పటికీ వేడిగానే ఉంటుంది. జాగ్రత్తగా అడగాలి.

నీళ్ళలో, బొగ్గులో పోయినవి

పాతకాలం ఊళ్ళే ఎందుకు, మన కళ్ళ ముందు పోయినవి తక్కువా? మధ్య మానేరు జలాశయంలో కొదురుపాక, నీలోజిపల్లి, చీర్లవంచ, చింతల్‌ఠాణ, వరదవెల్లి మునిగాయి. శ్రీరాంసాగర్‌కు 1963లో పునాదిరాయి వేశాక గోదావరి ఒడ్డున ఎన్నో ఊళ్ళు లేచిపోయాయి. రామగుండం, భూపాలపల్లి దిక్కు ఓపెన్ కాస్టు బొగ్గు గనులకు పోయినవి వేరే. వీటికి దిబ్బ ఉండదు, నీళ్ళో గొయ్యో ఉంటుంది. కానీ మనుషులు పునరావాస కాలనీల్లో ఉన్నారు, భూసేకరణ కాగితాల్లో ఇంటి నంబరుతో సహా జాబితా ఉంది. ఆ జాబితా పట్టుకుని కాలనీకి పోయి, ఒక పెద్ద చార్టు పరిచి, పాత ఊరిలో ఎవరిల్లు ఎవరి పక్కన ఉండేదో గీయమనండి. పది నిమిషాల్లో ఇరవై మంది చేరి కొట్లాడుకుంటూ గీస్తారు. కొత్త కాలనీలో ప్లాట్లు వచ్చిన వరుసలో పంచుతారు కాబట్టి పాత పక్కిళ్ళు చెదిరిపోయి ఉంటాయి. ఈ పని ఇంకో పదేళ్ళు ఆగితే చేయలేం. నా మాట విని కుర్రవాళ్ళు ముందు ఇది చేయండి, దిబ్బలు ఎక్కడికీ పోవు.

పోయిందంటే పూర్తిగా పోవాలనీ లేదు. ఎల్గందుల 1905 దాకా జిల్లాకు పెద్ద. కచేరీలు కరీంనగర్‌కు తరలాయి, ఇప్పుడు గుట్ట మీద కోట, కింద పల్లె. వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు కూడా నా దృష్టిలో పోయిన ఊరే. సైరన్‌కు లేచి, సైరన్‌కు అన్నం తిన్న ఒక పెద్ద వాడ అది. దానికీ ఇదే పద్ధతి. పేర్లు, కాగితాలు, మనుషులు.

మట్టి

ఇప్పుడు పోవచ్చు. ఏప్రిల్‌లో పోండి, పొద్దున్నే పోండి, ఒంటరిగా పోవద్దు. గట్టు లేని చేదబావులు ఉంటాయి, వాటి మీద ముళ్ళకంప అల్లుకుని ఉంటుంది. కర్రతో ముందు తడుముతూ నడవాలి. పాములు సరే, చింతచెట్లకు పెద్ద తేనెతుట్టెలుంటాయి, అగరుబత్తి కూడా వెలిగించకండి.

ముందు ఆంజనేయస్వామిని వెతకండి. ఊరి మొదట్లో ఉంటాడు కాబట్టి పొలిమేర ఎటో తెలుస్తుంది. వేపచెట్టు కింద పోచమ్మ. మధ్యలో నేలలో పాతిన బొడ్రాయి, ఇది దొరికితే నడి ఊరు దొరికినట్టే. కత్తి పట్టిన మనిషి బొమ్మ చెక్కిన రాయి వీరగల్లు, రైతులు గట్టు మీద ఒరిగించి ఉంటారు. పాడైన రోళ్ళు, ఇసుర్రాళ్ళు, గానుగ రాయి. నేల బూడిదలా మెత్తగా ఉంటుంది. పాటిమన్ను బలమని రైతులు బండ్లకు బండ్లు తోలుకుపోయి పొలాల్లో పోసుకుంటారు. దాంతో దిబ్బ ఏటేటా తగ్గుతుంటుంది. వాళ్ళను తిట్టకండి. ఎక్కడ తవ్వినప్పుడు ఏం కనిపించిందో అడగండి.

కుండపెంకులు చేత్తో తీసి, పక్కన ఐదు రూపాయల బిళ్ళ పెట్టి ఫొటో తీసి, ఉన్న చోటే పెట్టేయండి. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకులు కనిపిస్తే అది చాలా పాత చోటు. పెద్దపల్లి దగ్గర పెద్దబొంకూర్‌లో శాతవాహనుల నాటి మట్టి గాజుల బావులు బయటపడ్డాయి, కాల్చిన మట్టి వలయాలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టినవి. ధూళికట్టలో స్తూపం, కోటిలింగాలలో సిముకుని నాణేలు. ఇవన్నీ ఒకప్పుడు పశువులు మేసిన దిబ్బలే. నల్లగా, బరువుగా, బుడగలు బుడగలుగా ఉన్న రాళ్ళు కుప్పగా ఉంటే అది ఇనుప చిట్టెం, కొలిమి పెట్టి రాయి కరిగించిన వాళ్ళు అక్కడ ఉన్నారన్న మాట. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా పోయిందంటే, అది ఇలాంటి కొలుములదే.

తవ్వొద్దు. గడ్డపార చేత పట్టొద్దు. నాణెమో విగ్రహమో పైకి తేలి కనిపిస్తే ఫొటో తీసి తహసీల్దారుకు చెప్పండి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటింది దొరికితే కలెక్టరుకు తెలపాల్సిందే.

నా విషయం చెప్తాను. మొదటిసారి దిబ్బ మీదికి పోయినప్పుడు, ఆ అవ్వ పోచమ్మ దగ్గరికి ఒట్టి చేతులతో ఎలా పోతామని నేను, మా చెల్లెలు సంచిలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు పెట్టుకున్నాం. టేపు, నోట్‌బుక్కు, నక్షా సరేసరి. ఆ రోజు అమావాస్య అన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. నక్షా పరిచి టేపుతో బావి నుంచి వేపచెట్టుకు కొలుస్తుంటే బండ్ల మీద ఆరుగురు పిల్లలు వచ్చారు. అమావాస్య, నిమ్మకాయలు, పాత మ్యాపు, టేపు. గుప్తనిధుల వాళ్ళని వాళ్ళు అనుకోకపోతే ఆశ్చర్యం. బండి తాళం గుంజుకున్నారు. సర్పంచు వచ్చేదాకా రెండు గంటలు ఎండలో కూర్చోబెట్టారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఆర్నెల్ల ముందు ఎవరో రాత్రిపూట వచ్చి ఆ హనుమంతుడి కింద నిలువెత్తు గొయ్యి తవ్విపోయారట. చివరికి ఒక పిల్లగాడు నన్ను గుర్తుపట్టాడు. "కండక్టరమ్మ గదా? నాకు పాస్ లేకున్నా ఎక్కించుకున్నవ్ గదా కాలేజీకి?" అలా బయటపడ్డాం.

కాబట్టి పోయే ముందురోజే సర్పంచుకు, పంచాయతీ కార్యదర్శికి, భూమి ఉన్న రైతుకు చెప్పండి. ఆ ఊరి మనిషిని ఒకరిని వెంట పెట్టుకోండి. అమావాస్య నాడు పోవద్దు, నిమ్మకాయలు తీసుకుపోవద్దు. మీరు రాసింది ఇంటర్నెట్‌లో పెడితే లొకేషన్ పెట్టకండి, ఫొటోలో గుట్టలూ టవర్లూ గుర్తుపట్టేలా రానివ్వకండి. నేను ఊరి పేరు రాయనన్నది అందుకే.

దొరికినదంతా ఊరికొక ఫైలు పెట్టుకోండి. ఎవరు, ఏ రోజు, ఎక్కడ కూర్చుని చెప్పారో రాయండి. రెండు కథలు ఒకదానికొకటి పొసగకపోతే రెండూ ఉంచండి, కలిపి ఒకటి చేయకండి. నకలు ఒకటి పక్క ఊరి బడిలో ఇవ్వండి. నేనిచ్చిన బడిలో ఏడో తరగతి పిల్ల ఒకతి నా తప్పు పట్టింది, మంగలి వాడ పడమర కాదు ఉత్తరమని. వాళ్ళ నానమ్మ చెప్పిందట. నానమ్మ దగ్గరికి పోయాను. ఆ పిల్లదే నిజం.

పోయిన శ్రావణంలో అవ్వకు మోకాళ్ళు లేవక, బోనం వాళ్ళ కోడలు ఎత్తుకుంటే తోడుగా నేను పోయాను. బస్సులో కొత్త కండక్టరు, చిన్నపిల్ల. "ఎక్కడికక్కా?" అంది. పేరు చెప్పాను. మిషన్‌లో పైకీ కిందికీ వెతికింది. "ఈ పేరు లేదక్కా ఇండ్ల." తర్వాతి స్టేజీకి రెండు జీరో టికెట్లు (ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణానికి ఇచ్చేవి) కొట్టి ఇచ్చి, చింతచెట్ల దగ్గర ఆపింది. ఆ టికెట్ వెనక ఊరి పేరు, తారీకు రాసి ఫైల్లో అంటించాను.